మంచం కింద ఎవరు?

గిరీశం గురించి రెండు మాటలు చెప్పమంటే మనవాళ్ళు రెండు గంటలు చెబుతారు. గోపాలరావు గురించి చెప్పమంటే, ఏ గోపాలరావు అని అడుగుతారు. ఇద్దర్నీ కన్నవాడు ఒక్క గురజాడే. ‘కన్యాశుల్కం’ రెండో కూర్పు 1909లో వచ్చింది. ‘దిద్దుబాటు’ కథ 1910లో ‘ఆంధ్రభారతి’లో అచ్చయింది. అంటే గిరీశాన్ని పూర్తిగా తీర్చిదిద్దిన మరుసటి ఏడే గోపాలరావు పుట్టాడన్నమాట. పెద్దవాడికి ఏడంకాల నాటకం దక్కింది, 1955 సినిమాలో ఎన్టీ రామారావు మొహం దక్కింది. చిన్నవాడికి నాలుగు పేజీలూ, పాఠ్యపుస్తకంలో ఓ మూలా.

నా మటుకు ఇద్దరూ ఒకే మనిషి అనిపిస్తారు. కాకపోతే ఒకడికి ఇల్లూ వాకిలీ లేవు, ఇంకొకడికి ఉన్నాయి. గిరీశం పూటకూళ్ళమ్మ తిండి తిని, ఆవిడ డబ్బు వాడుకుని, వేశ్య మధురవాణి ఇంట పొద్దుపుచ్చి, చివరికి వెంకటేశానికి చదువు చెప్పే వంకతో కృష్ణరాయపురం అగ్రహారం చేరతాడు. నోరే అతని ఆస్తి. అబద్ధం కుదరకపోతే ఆ పూట అన్నం లేదు. అందుకే అతని కోతల్లో అంత పనితనం. పూనా డెక్కన్ కాలేజీలో మూడు గంటలు ఏకబిగిన ఉపన్యసించానని చెప్పేటప్పుడు ఊరు, కాలేజీ, గంటల లెక్క అన్నీ అమర్చుకుంటాడు. గోపాలరావుకి అంత అవసరం లేదు. సానివాళ్ళ పాటకి వెళ్ళి, అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చి, మీటింగు అంటాడు. అంతే. ఇంట్లో భార్య, పిలిస్తే పలికే నౌకరు, కుదురైన బతుకు. అలాంటివాడికి అబద్ధం మీద ఒళ్ళొంచే ఓపిక ఎందుకుంటుంది? (నూరేళ్ళు దాటినా ఆ మీటింగు అనే మాట మన ఇళ్ళలో ఇంకా చెల్లుతూనే ఉంది. ఇప్పుడు దానికి ఆన్‌లైన్ అనే తోక కూడా చేరింది.)

మాటలతో బతికేవాడికి వినేవాళ్ళు కావాలి. గిరీశం అదృష్టమంతా అక్కడే ఉంది. వెంకటేశం లాంటి శిష్యుడు దొరికాడు, చుట్ట కాల్చడం కూడా చదువేనని నమ్మే రకం. తర్వాత వెంకటేశం అక్క బుచ్చమ్మ. చిన్నతనంలోనే మొగుణ్ణి పోగొట్టుకుని పుట్టింట పడున్న పిల్ల. 1881లో రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించడానికి ఎంతమందితో పోరాడాడో, ఆ పోరాటంలోని మాటలన్నీ గిరీశం ఖర్చు లేకుండా అరువు తెచ్చుకుని, ఆమె ముందు వల్లించాడు. ఆ పిల్లకి ఎదురడగడం రాదు. అడిగే అలవాటు ఎవరూ చెయ్యలేదు.

గోపాలరావు భార్య కమలినికి చదువొచ్చు. తేడా అల్లా అదే. మొగుడు మీటింగులన్నది ఏమిటో స్నేహితురాళ్ళ ద్వారా తెలుసుకుని, ఏడవకుండా, అరవకుండా ఒక ఉత్తరం రాసి పెట్టింది. తాను ఇంట్లో ఉండబట్టే గదా ఆయనకి అబద్ధాలాడే అవస్థ వచ్చింది, పుట్టింటికి పోతే ఆ శ్రమ తప్పుతుంది అని దాని సారాంశం. ఇంత మర్యాదగా చెంప పగలగొట్టిన ఉత్తరం తెలుగులో మళ్ళీ ఎవరు రాశారో నాకు తెలీదు. నాటకంలోనూ ఉత్తరాలు తిరుగుతాయి, దొంగ ఉత్తరంతో సహా. కానీ అవన్నీ మగవాళ్ళ చేతిరాతే.

ఇప్పుడు మంచం సంగతి. నాటకం మొదటి అంకంలో మధురవాణి ఇంట్లో జరిగేది గుర్తుంది గదా? గిరీశం వస్తున్నాడని రామప్పంతులు మంచం కిందికి దూరతాడు. కాసేపటికి పూటకూళ్ళమ్మ చీపురు పట్టుకుని వస్తే గిరీశమూ అక్కడికే చేరతాడు. గిరీశానికి పడవలసిన దెబ్బ పంతులుకి తగులుతుంది. పైన మధురవాణి, కింద ఇద్దరు పెద్దమనుషులు. మరుసటి ఏడాది గురజాడ మళ్ళీ ఒక మంచం వేశాడు. ఈసారి దాని కింద ఉన్నది ఇల్లాలు. పుట్టింటికి పోయిందనుకున్న మనిషి అక్కడే నక్కి, మొగుడి పశ్చాత్తాపమంతా పూర్తిగా విని, ఇక ఆపుకోలేక నవ్వేస్తుంది. ఆ నవ్వు, గాజుల చప్పుడు మంచం కింద నుంచి వినబడగానే కథ అయిపోతుంది. అక్కడ మగవాళ్ళు దెబ్బలకి భయపడి దూరారు. ఇక్కడ ఆడది తమాషా చూడటానికి దూరింది. ఒకే ఎత్తు, బొత్తిగా తిరగేసి వాడాడు. కావాలనే చేశాడని నా నమ్మకం. అంత హాస్యం చేతిలో ఉన్న రచయిత తన మంచాన్ని తాను మరిచిపోడు.

ఆ నవ్వు రాకముందు గోపాలరావు ఏం చేశాడో కూడా చూడాలి. ఉత్తరం చదివాక కోపం మొదట దిగింది నౌకరు రాముడి వీపు మీద. తర్వాత ఆ రాముణ్ణే పిలిచి సలహా అడుగుతాడు. ఆడవాళ్ళకి చదువు చెప్పిస్తే ఇలాగే అవుతుందన్నట్టు రాముడు ఓ మాట అంటే చాలు, ఇక ఉపన్యాసం. శివుడు పార్వతికి సగం దేహం ఇచ్చాడనీ, ఇంగ్లీషువాడు పెళ్ళాన్ని తనకంటే మేలైన సగం అంటాడనీ. వినేది దెబ్బలు తిన్న నౌకరు, ఇంట్లో భార్య లేదనుకుంటున్నాడు, అయినా ఉపన్యాసం ఆగదు. గిరీశం పోలికలు ఎక్కడికి పోతాయి!

మరి కమలిని ఎవరి పోలిక? ఇల్లాలు కాబట్టి బుచ్చమ్మ వరసలో కూచోబెడతాం. నేను ఒప్పుకోను. ఎవరిని ఎక్కడ ఉంచాలో, ఎవరి చేత ఏం చెప్పించాలో తెలిసినతనం, నౌకర్ని తన పక్షం తిప్పుకున్న నేర్పు, నవ్వుతూ పని జరిపించుకోవడం, ఇవన్నీ మధురవాణివి. ఆ రోజుల్లో సంస్కర్తలు మధురవాణి ఇంటి తలుపులు మూయించాలన్నారు, కమలినిని బడికి పంపాలన్నారు. గురజాడ మాత్రం మొదటావిడ తెలివిని తీసుకెళ్ళి రెండో ఆవిడకి ఇచ్చాడు. భార్య భర్తని దిద్దడం కొత్తేమీ కాదు. 1902లోనే భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’లో పేద ఇల్లాలు దారి తప్పిన మొగుడికి బుద్ధి చెప్పింది. ఆవిడ నీతితో దిద్దింది, కమలిని ఎగతాళితో దిద్దింది.

బుచ్చమ్మ గతి వేరు. నాటకం చివర వకీలు సౌజన్యారావు పంతులు గిరీశం సంగతి తెలుసుకుని వాళ్ళిద్దరి పెళ్ళి చెడగొట్టి, ఆమెని పూనా వితంతు శరణాలయానికి పంపిస్తానంటాడు, గిరీశాన్ని చదువుకుని పరీక్షలు పాసవమంటాడు. పూనాలో కార్వే ఆ శరణాలయాన్ని 1896లో మొదలుపెట్టాడు. మంచి ఏర్పాటే, కాదనను. గిరీశం గొప్పలకి వాడుకున్న ఊరికే ఆ పిల్ల నిజంగా వెళ్ళాలి. పోతావా అని ఆమెని అడిగేవాడు మాత్రం కనిపించడు.

ఒక్క విషయంలో నాటకమే నిజాయితీగా ఉందంటాను. అక్కడ గిరీశం మారడు, మారినట్టు నటించనూ నటించడు, విసుక్కుని పోతాడు. కథలో గోపాలరావు కరిగిపోతాడు. నాలుగు పేజీలే గనక కరగక తప్పలేదు. కానీ ఆ మార్పు మీద నాకు నమ్మకం లేదు. కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉంటాడు, తర్వాత మీటింగులు మొదలవుతాయి, ఈసారి కమలిని మంచం కింద ఆగదు, బండి కట్టించుకుంటుంది. కాదంటారా? నాటకం మొదటి అంకం, ఈ కథ ఒకే సాయంత్రం పక్కపక్కన పెట్టుకుని చదవండి. తర్వాత నాతో పోట్లాడండి.