వెనకవాడి హెడ్‌లైట్

బాతల్‌లో టీ తాగడానికి ఆగినప్పుడు మేం ఆరుగురం. కుంజుమ్ లా పైకి చేరేసరికి ఐదుగురమే ఉన్నాం.

మధ్యలో పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేవు. ఆరో మనిషి ఎక్కడున్నాడో తెలియడానికి మాత్రం మూడు గంటలు పట్టింది.

సోలోగా వెళ్లడం మంచిదా, గ్రూపుతో వెళ్లడం మంచిదా అని కొత్తగా బైక్ కొన్నవాళ్లు నన్ను అడుగుతుంటారు. ఈ చర్చ బైకర్ల మధ్య ఎప్పటికీ తెగదు, పప్పులోకి చింతపండా మామిడికాయా అన్నట్టు. నాకూ ఒక గట్టి అభిప్రాయం ఉండేది. టీ బంకుల దగ్గర గంటలకొద్దీ చెప్పేవాణ్ణి. ఆ అభిప్రాయం ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం చెప్పేవాణ్ణి కాదు.

2022 సెప్టెంబర్. బైకుల్లో పెట్రోలంతా తీసేసి, గోనెసంచులు చుట్టి, సికింద్రాబాద్‌లో రైలు పార్సిల్‌కి వేసి ఢిల్లీలో దింపుకున్నాం. అక్కణ్ణుంచి మనాలీ, అటల్ టన్నెల్, కోక్సర్, గ్రాంఫూ. గ్రాంఫూ దాకా రోడ్డు. తర్వాత కాజా వైపు వెళ్లేదాన్ని మ్యాపులో ఎన్‌హెచ్ 505 అని రాస్తారు. హైవే అన్న మాట నమ్మి వచ్చినవాడికి ఎదురయ్యేవి గుండ్రాళ్లు, ఇసుక, రోడ్డు మీదుగా పారే మంచునీళ్లు, ఒక పక్కన చంద్రా నది. యాభై కిలోమీటర్లకి రోజంతా పట్టినా ఆశ్చర్యం లేదు.

మాలో ఐదుగురం సాఫ్ట్‌వేర్, ముప్ఫై అటూ ఇటూ. ఆరో ఆయన ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. నలభై ఏడేళ్లు. అనంతగిరి కొండలకి ఆదివారం పొద్దున్నే వెళ్లే రోజుల్లో టీ దగ్గర పరిచయం. మేమందరం సార్ అనేవాళ్లం, ఆయన నన్ను తమ్ముడూ అనేవాడు. జాగ్రత్త మనిషి. రాళ్ల మీద టైర్లో గాలి ఎంత తగ్గించాలో, ఎందుకు తగ్గించాలో కాగితం మీద బొమ్మ గీసి చూపించేవాడు. కాకపోతే నెమ్మది. ఆ నెమ్మది అనంతగిరిలో ముచ్చటగా ఉండేది. స్పితి దారిలో అదే మాకు చిరాకైంది.

గ్రూపు రైడ్‌లో ఒక సూత్రం ఉంటుంది. నీ అద్దంలో నీ వెనకవాడి హెడ్‌లైట్ కనబడాలి. కనబడకపోతే నువ్వు ఆగు. నువ్వు ఆగితే నీ ముందువాడి అద్దంలో నువ్వు కనబడవు కాబట్టి వాడూ ఆగుతాడు. అలా ఒక్కొక్కరే ఆగుతూ లీడ్ దాకా వెళ్తుంది. ఫోన్లు పనిచెయ్యని చోట ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. మట్టిరోడ్డు మీద ముందు బైకు లేపే దుమ్ము తినలేక ఎడం పెంచుకుంటాం, అద్దాలు దుమ్ముతో మూసుకుపోతాయి. అందుకే ఇంకో సూత్రం. దారి చీలిన చోట మాత్రం వెనకవాడు వచ్చి, నిన్ను చూసి, చెయ్యి ఊపేదాకా కదలకూడదు. ఇంతే. చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది.

ఆ రోజు చంద్రతాల్ దగ్గర క్యాంపులో పడుకోవాలని ప్లాన్. బాతల్ చేరేసరికి నాలుగున్నర, ఆకాశం మబ్బు పట్టింది. క్యాంపు వద్దు, కుంజుమ్ దాటి లోసర్‌లో గది తీసుకుందాం అన్నారెవరో. అందరం సరే అన్నాం. మాలో అందరికన్నా అనుభవం ఉన్నవాడు, ఎప్పుడూ చివర్న వచ్చేవాడు, గదులు చూస్తానని అందరికన్నా ముందు బయల్దేరాడు. సార్ ఈ మాటలన్నీ అయ్యాక ఇరవై నిమిషాలకి వచ్చాడు. దారిలో ఒకసారి పడ్డాడట, క్లచ్ లివర్ వంగింది. దాబా బయట బైకు పక్కన కూర్చుని దాన్ని మెల్లగా సరిచేసుకుంటూ టీ తాగాడు.

లోసర్ అని ఆయనకి ఎవరు చెప్పారు? నేను వాడు చెప్పాడనుకున్నాను. వాడు ఇంకొకడు చెప్పాడనుకున్నాడు. పదిమందిలో పాము చావదంటారు. మేం ఐదుగురమే, అయినా చావలేదు.

బాతల్ దాటి కొంచెం దూరం వెళ్తే దారి చీలుతుంది. ఎడమకి చంద్రతాల్, కుడికి కుంజుమ్ ఎక్కే మలుపులు. నేను ఐదోవాణ్ణి, నా వెనక సార్. చీలిక దగ్గర ఆగాను. గాలి హెల్మెట్‌లోంచి ఈల వేస్తోంది. వేళ్లు కొయ్యబారాయి. పొద్దుట్నించీ ఆయన కోసం ఆగీ ఆగీ విసుగొచ్చింది. కింద ఎక్కడో దుమ్ము లేచింది. ఆయనే అయ్యుంటాడు, కుడివైపు నా దుమ్ము చూసి వస్తాడులే అనుకున్నాను. గేరు వేశాను.

ఎంతసేపు ఆగి ఉంటానంటే, రెండు నిమిషాలు.

కుంజుమ్ పైన, 4,500 మీటర్ల ఎత్తులో, అమ్మవారి గుడి చుట్టూ జెండాలు టపటపా కొట్టుకుంటుంటే ముప్పావు గంట చూశాం. ఫోటోలు తీసుకుంటున్నాడేమో అన్నారు. పంక్చరేమో అన్నారు. పంక్చరైతే ఆయన దగ్గర పంపు ఉంది, టైరు విప్పే రాడ్లు నా దగ్గరున్నాయి. బరువు తగ్గుతుందని గ్రూపుల్లో సామాను అలా పంచుకుంటారు. అందరూ ఒకచోట ఉన్నంతసేపూ అది తెలివైన పనే.

"చీలిక దగ్గర ఆగావా?" అని అడిగాడు లీడ్.

"ఆగాను" అన్నాను.

అబద్ధం కాదు.

చీకటి పడ్డాక వెనక్కి దిగాం. బాతల్‌లో అడిగితే అటే వెళ్లాడన్నారు. ఇక ఎడమవైపు దారే మిగిలింది. క్యాంపు వంటడేరాలో కనబడ్డాడు సార్, కిరసనాయిలు స్టవ్ పక్కన, అట్టముక్కలు తువ్వాలుతో కట్టిన కాలు చాపుకుని. ఐదున్నరకి ఒక వాగు దాటుతూ పడ్డాడు. అల్యూమినియం పెట్టె కింద చీలమండ ఇరుక్కుంది. సరస్సు చూసి తిరిగొస్తున్న ట్యాక్సీవాళ్లు తీసేదాకా, అరగంటకి పైగా, ఆ నీళ్లలోనే ఉన్నాడు. కరిగిన మంచు అది.

"లోసర్ అని నాకెవరూ చెప్పలేదు తమ్ముడూ" అన్నాడు. అందులో కోపం లేదు. లెక్క ఎక్కడ తప్పిందో కనుక్కున్న మనిషిలా అన్నాడు. తర్వాత, "మీరేమైనా తిన్నారా?" అని అడిగాడు.

హైదరాబాద్‌లో ప్లేటు, స్క్రూలు వేశారు. మూడు నెలలు సెలవు. మేం వెళ్లి చూసొచ్చాం, పళ్లు పట్టుకెళ్లాం, వాళ్లావిడ కాఫీ ఇచ్చింది కానీ మా ఎవరి మొహమూ చూడలేదు. వాట్సాప్ గ్రూపులోంచి సార్ ఎప్పుడు వెళ్లిపోయాడో గమనించిన రోజున అందరం ఊరుకున్నాం. పోట్లాట ఏమీ జరగలేదు. రైడ్‌లు మాత్రం ఆగిపోయాయి.

నేను సోలో రైడర్‌ని అయిందలా. బయటికి చెప్పిన కారణాలు వేరు. గ్రూపు స్పీడంటే అందరికన్నా నెమ్మదైనవాడి స్పీడు కూడా కాదు, అంతకన్నా తక్కువ అనేవాణ్ణి. ఒకడికి టీ, ఒకడికి సిగరెట్, ఒకడికి డ్రోన్, పది నిమిషాలు ముప్పావు గంటవుతుందనేవాణ్ణి. ఆరుగురు హెల్మెట్లతో ఊళ్లోకి దిగితే పెళ్లివారి బస్సు ఆగినట్టుంటుంది, ఎవరూ దగ్గరికి రారు, ఒక్కడివే వెళ్తే ఇంట్లోకి పిలిచి టీ ఇస్తారనేవాణ్ణి. ఇవన్నీ నిజమే. స్పితిలో కూడా మేం ఆరుగురం కూర్చుని అమీర్‌పేట గురించే మాట్లాడుకున్నాం.

పుస్తకాలు కూడా నా వైపు తెచ్చుకున్నాను. 1973లో టెడ్ సైమన్ ఒక ట్రయంఫ్ మీద ఒంటరిగా బయల్దేరి నాలుగేళ్లు లోకమంతా తిరిగాడు, మన దేశం మీదుగా కూడా వెళ్లాడు. పిర్సిగ్ 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్'లో మొదట రెండు బైకులుంటాయి, బోజ్‌మన్ దాకా తోడొచ్చిన దంపతులు వెనక్కి వెళ్లాకే తండ్రీ కొడుకుల కథ చిక్కబడుతుంది. మనలో ఆదినారాయణగారు కాళ్లనే నమ్ముకుని దేశం నడిచారు. ఎదురు ఉదాహరణలు నాకు తెలియక కాదు. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య కాశీకి వెళ్లింది బోయీలతో, పెద్ద పరివారంతో. అంతమందితో వెళ్లినవాడే దారిలో ప్రతి మజిలీ గురించీ అంత వివరంగా రాశాడు. ఆ సంగతి నేను టీ బంకు దగ్గర ఎత్తేవాణ్ణి కాదు.

2024 సెప్టెంబర్‌లో అదే దారికి ఒక్కణ్ణే వెళ్లాను. పంపు, రాడ్లు, ట్యూబు, క్లచ్ కేబులు, అన్నీ నా దగ్గరే. బైకే రెండొందల కిలోలు, పైన ఇవి. ఒక్కడివే ఉన్నప్పుడు ఇంజన్‌లో ప్రతి చిన్న చప్పుడూ వినిపిస్తుంది. ఆ కిర్రు నిన్న కూడా ఉందా? అడగడానికి ఎవరూ ఉండరు. సాయంత్రానికి మన గొంతు మనకే కొత్తగా ఉంటుంది. అయినా ఆ నాలుగు రోజులు నేను పడ్డ సంతోషం మామూలుది కాదు, దాన్ని తక్కువ చెయ్యను. ఛత్రు దగ్గర ఒక బండ మీద గంటన్నర ఊరికే కూర్చున్నాను. ఎవరూ పద అనలేదు.

ఎవరూ పద అనకపోవడం వల్లే, దాటాల్సిన వాగు దగ్గరికి వెళ్లేసరికి మధ్యాహ్నం మూడైంది. హిమాలయాల్లో వాగులు పొద్దున్నే దాటాలని తెలియనివాణ్ణి కాదు. నీళ్లు తెల్లగా, మందంగా, కింద రాళ్లు కనబడకుండా పారుతున్నాయి. ఫస్ట్ గేర్, నిలబడి, చూపు అవతలి ఒడ్డు మీద. సగంలో ముందు చక్రం ఒక గుండ్రాయి ఎక్కి పక్కకి జారింది. బైకు ఎడమవైపు పడింది. నావి మెత్తటి సంచులు, కాలు బయటికొచ్చింది. సార్‌ని చూశాక పెట్టెలు అమ్మేశాను.

కిల్ స్విచ్ నొక్కాను. హ్యాండిల్ పూర్తిగా తిప్పి, సీటుకి వీపు ఆనించి, కాళ్లతో నెట్టాలి. హైదరాబాద్‌లో అది నాలుగు సెకన్ల పని. అక్కడ ఒకసారి ప్రయత్నిస్తే ఐదు నిమిషాలు ఊపిరి అందలేదు. మూడుసార్లు ప్రయత్నించి, సంచులు విప్పి ఒడ్డుకి మోసి, మళ్లీ నెట్టాను. కదల్లేదు. ఒడ్డు మీద కూర్చున్నాను. నలభై నిమిషాలు. నీళ్ల చప్పుడు మొదట్లో చప్పుడులాగే ఉంటుంది. తర్వాత ఎవరో పిలుస్తున్నట్టు వినబడుతుంది. రెండుసార్లు లేచి వెనక్కి చూశాను.

సార్‌కి పైనుంచి బైకు కూడా ఉంది కదా అనుకున్నాను.

మనాలీలో బఠాణీ బస్తాలు దించేసి ఖాళీగా లోసర్ వెళ్తున్న పికప్ వచ్చింది. డ్రైవరూ, ఇంకో కుర్రాడూ ప్యాంట్లు మడిచి దిగారు. ముగ్గురం కలిసి లేపి ఒడ్డుకి నెట్టాం. స్టార్ట్ చెయ్యబోతే డ్రైవర్ నా చెయ్యి పట్టుకున్నాడు. నిజమే, సిలిండర్లో నీళ్లుంటే ఇంజన్ అక్కడే పోతుంది. స్పార్క్ ప్లగ్ విప్పి సెల్ఫ్ కొడితే నీళ్లు చిమ్మాయి. ఎయిర్ ఫిల్టర్ పిండి ఎండలో పెట్టాం. అరగంటకి స్టార్టయింది. డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

"అకేలే?" అన్నాడు. అవునన్నాను. ఇంకేం మాట్లాడకుండా, ముందు నువ్వు వెళ్లు అని చేత్తో చూపించాడు.

పికప్‌కి నా బైకుతో పనేముంది, దాటుకుని వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. బాతల్ దాకా, చీకటి పడుతుండగా, నా అద్దంలో ఆ రెండు హెడ్‌లైట్లు అలాగే ఉన్నాయి. నేను ఆగితే ఆగాయి. ఒకచోట రాళ్లలో తడబడితే లైట్లు పెంచి దారి చూపించాడు. బాతల్‌లో నేను దాబా ముందు బైకు పెట్టి వెనక్కి తిరిగేసరికి, ఒక హారన్ కొట్టి కుంజుమ్ వైపు వెళ్లిపోయాడు. నెంబరు కూడా చూసుకోలేదు.

పొద్దున్నే చీలిక దగ్గరికి వెళ్లి ఎడమకి తిరిగాను. చంద్రతాల్ గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను వదిలేస్తాను. వాగు దగ్గర మాత్రం దిగి, బూట్లతో అటూ ఇటూ నడిచి చూశాను.

కాజాలో సిగ్నల్ దొరగ్గానే సార్‌కి ఫోన్ చేశాను. ఏడాది పైనే అయింది మాట్లాడి. కాలు ఎలా ఉంది, చలికాలం కొంచెం లాగుతుంది, పిల్లలు బాగున్నారు. అవన్నీ అయిపోయాక చెప్పాను.

"సార్, ఆ రోజు చీలిక దగ్గర నేను రెండు నిమిషాలే ఆగాను."

కాసేపు ఏమీ వినబడలేదు. సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను.

"ఆ వాగు దాటావా?" అన్నాడు.

"దాటాను."

"నీళ్లు ఎంతదాకా ఉన్నాయి?"

"పిక్కలదాకా."

"ఎన్నింటికి?"

"ఏడింటికి సార్."

"మరదే! నేను దాటింది ఐదున్నరకి. పగలంతా కరిగిన మంచు పైనుంచి అక్కడికి చేరడానికి కొన్ని గంటలు పట్టుద్ది తమ్ముడూ. నాకు మోకాలు దాటి ఉన్నాయి." గొంతులో ఏదో హుషారు వచ్చింది. "ఇంతకీ అడుగున రాళ్లా, ఇసకా? నాకు రాళ్లలాగే తగిలింది."

"రాళ్లే సార్" అన్నాను.