ఈసారి మద్దెలే ఓడు

"ఆడలేక మద్దెల ఓడు" అనే సామెత పుట్టించిన మహానుభావుడెవరో గాని, ఆయనకి జన్మలో ఒక్కసారైనా ఓటి మద్దెల తగిలి ఉండదు. తగిలి ఉంటే, ఆ మాట అనబోయే ముందు మద్దెలను ఒకసారి తట్టి చూసేవాడు. ఈ పరమసత్యం నాకు డెబ్బయ్యో ఏట, ఒక ఎలుక మూలంగా బోధపడింది.

ఎలుకంటే గాదె కింది ఎలుక కాదు లెండి. కంప్యూటరు పక్కన ఉండే మౌసు. మా ఇంట్లో దాన్ని ఎలుక అనేది నేనొక్కణ్ణే. 1964లో అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఆయన ఊహించగా, బిల్ ఇంగ్లిష్ అనే ఆయన ఒక చెక్కడబ్బాకి కింద రెండు చక్రాలూ పైన ఒక మీటా బిగించి మొదటిదాన్ని తయారుచేశాడు. తోకలా వేలాడే తీగ వల్ల దానికా పేరు వచ్చిందంటారు. కన్నవాళ్ళ చోటనే ఎలుక అని పిలిచినప్పుడు నేనంటే తప్పేమిటి? మా మనవడికి మాత్రం ఆ మాట వింటే ఒళ్ళు మంట.

మావాడు ఇంజనీరింగు రెండో సంవత్సరం. చదువు సంగతి అలా ఉంచండి, కౌంటర్ స్ట్రైక్ అనే ఆటలో మాత్రం గట్టివాడని వాళ్ళ కాలేజీలో ప్రతీతి. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు, మధ్యన తుపాకులు, బాంబులు. చూసేవాళ్ళకి గోల, ఆడేవాళ్ళకి తపస్సు. వాడి కుడిచెయ్యి ఎలుక మీద ఉన్నప్పుడు ఇంట్లో ఎవరు పిలిచినా పలకడు.

కిందటేడు వాడి పుట్టినరోజుకి ఆ ఎలుకను కొనిచ్చింది సాక్షాత్తూ నేనే. ఎలా కొన్నానంటారా? రైతుబజారుకి వెడితే వంకాయను నాలుగువైపులా తిప్పి చూసి గాని సంచీలో వెయ్యని మనిషిని, దీన్ని మాత్రం బొమ్మ చూసి కొన్నాను. డబ్బామీద "12,800 డిపిఐ" అని లావుపాటి అక్షరాలున్నాయి. దాని ఒంటినిండా రంగురంగుల దీపాలు, శ్రీరామనవమి పందిరిలాగా. ధర చూస్తే నాలుగువందల తొంభైతొమ్మిది. ఇన్ని అంకెలు, ఇన్ని దీపాలు, ఇంత చవగ్గా ఇంకెక్కడ దొరుకుతాయని మురిసిపోయాను.

ఎనిమిది నెలలు అది బుద్ధిగా పనిచేసింది. తొమ్మిదో నెలలో కాలేజీల మధ్య పోటీ వచ్చింది.

ఆ ఆటలో ఒక రకం బాంబు ఉంది. అది పేలితే చూసినవాళ్ళ కళ్ళు మిరుమిట్లు గొలిపి, కాసేపు తెలుపు తప్ప మరేమీ కనపడదు. మీట నొక్కిపట్టి ఉన్నంతసేపూ బాంబు చేతిలోనే ఉంటుంది. వేలు తీశామా, వెళ్ళిపోతుంది. మావాడు మీట నొక్కిపట్టి, అదను కోసం గోడవార కాచుకుని ఉన్నాడు. వాడు వేలు తియ్యలేదు. అయినా బాంబు దానంతటది బయల్దేరి, ఎదురుగోడకి తగిలి తిరిగొచ్చి, సొంతవాళ్ళ నడుమ పేలింది. అయిదుగురికీ కళ్ళు పోయాయి. ఎదటి పక్షంవాళ్ళు తాపీగా వచ్చి పని ముగించుకుని వెళ్ళారు. ఆ దెబ్బతో పోటీ కాస్తా పోయింది.

ఆ సాయంకాలం జట్టు యావత్తూ మా ఇంట్లో పకోడీలు తింటూ పంచాయితీ పెట్టింది. "నేను వదల్లేదురా, మౌసే వదిలేసింది" అంటున్నాడు మావాడు. పేపరు చదువుకుంటున్నవాణ్ణి చదువుకోవచ్చుగదా? తలెత్తి, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుందిరా నీ యవ్వారం" అన్నాను. నలుగురు కుర్రాళ్ళూ విరగబడి నవ్వారు. మావాడు నవ్వలేదు. చేతిలో పకోడీ పళ్ళెంలో పెట్టేసి లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు జట్టులో వాడి స్థానంలోకి ఇంకొకణ్ణి తీసుకున్నారు. వాడు ఎవరితోనూ ఏమీ అనలేదు. ఎలుకను తీసుకొచ్చి నా బల్లమీద పెట్టి, "ఇది నువ్వే వాడుకో తాతయ్యా" అన్నాడు. ఆ తరవాత పదిరోజులపాటు నాకు ఆ "తాతయ్యా" కూడా వినపడలేదు. కాఫీ గ్లాసు తెచ్చి పెట్టేవాడు, వెళ్ళిపోయేవాడు. ఇంటర్మీడియెట్లో మార్కులు తగ్గినప్పుడు కూడా వాడు అలా ముడుచుకుపోవడం నేను చూడలేదు.

నా ఆట పేకాట. డబ్బులు పెట్టి ఆడేది కాదు, కంప్యూటర్లో ఒక్కణ్ణీ కూర్చుని ఆడుకునే సాలిటేరు. 1990లో విండోసు మూడో అవతారంతో పాటు వచ్చింది. ఆఫీసులో నాకు ఎలుక పట్టుకోవడం నేర్పిన గురువు అదే. పదవీవిరమణ చేశాక మధ్యాహ్నపు నిద్రకి బదులు దాన్ని అలవాటు చేసుకున్నాను. ఆరోజు కట్టమీద ఒకసారి నొక్కితే రెండు ముక్కలు దిగాయి. నాకు కావలసిన ముక్క కాస్తా రెండోదాని కిందికి పోయింది. సరే, నా చెయ్యే వణికిందనుకున్నాను. ఎర్ర ఏడును పట్టుకుని నల్ల ఎనిమిది మీదికి లాక్కుపోతుంటే, సగం దారిలో జారిపోయి మళ్ళీ మొదటి చోటికే వెళ్ళింది. మూడుసార్లు లాగాను. మూడుసార్లూ అంతే.

"ఈ వెధవ ఎలుక పాడయింది!" అని అరిచాను.

మా ఆవిడ వాలుకుర్చీలో కూచుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. తలయినా ఎత్తకుండా, "ఆడలేక మద్దెల ఓడనీ..." అంది.

నా నోట మాట రాలేదు. 1973లో టైపు లోయరు పరీక్షకి వెళ్ళినప్పుడు నాకిచ్చిన మిషను, స్పేసు బారు ఒకసారి కొడితే రెండు గళ్ళు దూకేది. ఆ మాట చెబితే పర్యవేక్షణకి వచ్చినాయన, "చేతకానితనాన్ని మిషను మీద పెట్టకు నాయనా" అన్నాడు. పరీక్ష పోయింది. మళ్ళీ ఆర్నెల్లు ఫీజు కట్టాను. యాభై ఏళ్ళు దాటినా ఆయన మొహం నాకు జ్ఞాపకమే. అలాంటి మొహమే ఇన్నాళ్ళకి నేను తగిలించుకున్నానన్నమాట.

సాయంత్రం మావాడి గదిలోకి వెళ్ళి, "ఒరేయ్, దీన్ని విప్పి, రోగమేమిటో చూపించరా" అన్నాను. వాడు నా మొహంలోకి ఒకసారి చూసి, స్క్రూడ్రైవరు తీశాడు.

మీట కింద చిటికెనవేలి గోరంత నల్లడబ్బీ ఉంది. అదే స్విచ్చి. అందులో పల్చటి లోహపు రేకు ఉంటుంది. మనం నొక్కినప్పుడు అది టక్కున వెళ్ళి ఇంకో ముక్కను తాకుతుంది. తాకి ఊరుకోదు, చేజారిన స్టీలుగ్లాసు నేలమీద గణగణమని ఎగిరినట్టు, సెకనులో కొన్ని వెయ్యోవంతుల సేపు ఎగిరెగిరి పడుతుంది. మంచి మౌసు ఆ కాసేపూ చూసీచూడనట్టు ఊరుకుని, మొత్తం ఒకే నొక్కు కింద జమ కడుతుంది. రేకు అలసిపోయి, తాకేచోట మకిలి పట్టాక, ఎగురుడు ఆ గడువు దాటిపోతుంది. అప్పుడు ఒకటి నొక్కితే రెండవుతాయి. నొక్కిపట్టి ఉంచినా మధ్యలో తెగిపోతుంది. తెగిందంటే బాంబు వెళ్ళిపోయినట్టే, ఎర్ర ఏడు జారిపోయినట్టే.

"డబ్బామీద కోటి నొక్కులకి ఢోకా లేదని రాశాడు కదురా" అన్నాను. లెక్క వేశాం. రోజుకి పదివేలు నొక్కినా కోటికి వెయ్యి రోజులు పట్టాలి. ఇది తొమ్మిది నెలలకే చేతులెత్తేసింది. ఆ కోటి ఎక్కడో పరీక్షశాలలో యంత్రం నొక్కిన కోటి. మా సికిందరాబాదు దుమ్మూ, మావాడి అరచేతి చెమటా ఆ యంత్రానికేం తెలుసు?

ఆదివారంనాడు ఆ నలుగురు కుర్రాళ్ళనీ మళ్ళీ పకోడీలకి పిలిచాను. విప్పిన ఎలుకను బల్లమీద పెట్టి, "తప్పు మీవాడిది కాదర్రా, దీనిది. దీన్ని కొన్న తప్పు నాది. ఆ రోజు నవ్వించిన తప్పు కూడా నాదే" అన్నాను. డెబ్బయ్యేళ్ళవాడికి ఆ మూడు ముక్కలూ గొంతు దాటడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఎవరూ నవ్వలేదు. మావాడు మాత్రం పకోడీ తిన్నాడు.

తరవాత ఇద్దరం పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకి బయల్దేరాం. కంప్యూటరు సామానుకి జంటనగరాల్లో అది పెద్ద సంత. ఈసారి వంకాయలు ఏరినట్టే ఏరాలని ముందే ఒట్టు పెట్టుకున్నాను.

కొట్టు కుర్రాడు మొదట దీపాలవే తీశాడు. "26,000 డిపిఐ ఉంది సార్" అన్నాడు. ఎలుక అడుగున కెమెరా లాంటి కన్ను ఉంటుంది. అది బల్లను సెకనుకి వేలసార్లు ఫోటో తీసి, దేనికి ఏది ఎంత జరిగిందో పోల్చుకుంటుంది. అంగుళం జరిగితే ఎన్ని అడుగులుగా లెక్కవెయ్యగలదో చెప్పేదే ఆ డిపిఐ. తీరా చూస్తే, ఆరితేరిన ఆటగాళ్ళు చాలామంది నాలుగువందలకో ఎనిమిదివందలకో పెట్టుకుని ఆడతారట. మైకుసెట్టు ఊరంతా వినపడేదైతే మాత్రం, ఇంట్లో సుప్రభాతం ఆ మోతలో పెట్టుకుంటామా? కన్ను మంచిదైతే చాలు. అంటే చెయ్యి విసురుగా తిప్పినా దారి తప్పకూడదు. అలాంటి కన్ను ఇప్పుడు మధ్యరకం ధరలోనే దొరుకుతోంది. కబురు పంపే వేగమూ అంతే. మామూలు ఎలుక సెకనుకి నూట పాతికసార్లు కంప్యూటరుకి కబురు చెబితే, ఆటల ఎలుక వెయ్యిసార్లు చెబుతుంది. అంతకు మించినవి ఉన్నాయి గాని, మాకు వెయ్యి చాలు.

"ముందు చెయ్యి పెట్టి చూడరా" అన్నాను. పట్టులో మూడు తీరులున్నాయి. అరచెయ్యి మొత్తం బోర్లించి పట్టేవాళ్ళు కొందరు, గద్ద గోళ్ళలా వేళ్ళు వంచి పట్టేవాళ్ళు కొందరు, ముగ్గు వేసినట్టు వేళ్ళ కొసలతో నడిపేవాళ్ళు కొందరు. మావాడిది ముగ్గుచెయ్యి. పాతది నూట ఇరవై గ్రాముల బండ. కొట్టువాడు అరవై గ్రాములది అందించాడు. మా ఆవిడ భాషలో ఆరు తులాలు. అడుగున పాదాలకి టెఫ్లాను, అంటే మన అంటుకోని దోసెపెనం మీద ఉండేదే. వాడి చేతిలో అది దోసెలాగే జారింది.

తీగ ఉండాలా, వద్దా అన్నది తరవాతి మీమాంస. తీగ లేనివాటిలో చిన్న ముక్కను కంప్యూటరుకి గుచ్చి వాడేవి ఆటకి బాగానే పనికొస్తాయి. బ్లూటూతువి మాత్రం కాస్త ఆలస్యం. అయితే బ్యాటరీ అనే ఇంకో రోగం వాటికి అదనం. మేం మెత్తటి తాడులాంటి తీగ ఉన్నదే తీసుకున్నాం.

ఇహ అసలు సంగతి స్విచ్చి. రేకుకి బదులు కంటికి కనపడని కాంతిరేఖతో నొక్కును పసిగట్టేవి వచ్చాయి. తాకడమే లేనప్పుడు ఎగిరిపడడమూ లేదు, ఒకటి రెండవడమూ లేదు. అవీ శాశ్వతం కాదు సుమండీ, చక్రం అరగవచ్చు, తీగ తెగవచ్చు. కాని మమ్మల్ని ముంచిన రోగం మాత్రం వాటికి రాదు. కొట్లోనే కంప్యూటరుకి తగిలించి, నెమ్మదిగా యాభైసార్లు నొక్కించాను, నేను పైకి లెక్కబెడుతూ. తెరమీద ఈ మూలనుంచి ఆ మూలకి పదిసార్లు లాగించాను. చక్రం అటూ ఇటూ తిప్పించాను. చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాను, కొబ్బరికాయను ఊపినట్టు. కొట్టు కుర్రాడు నవ్వాడు. నవ్వనీండి. రెండేళ్ళ వారంటీ అని చెబితే, ఆ మాట బిల్లుమీద రాయించి, తేదీ సరిచూసి, జేబులో పెట్టుకున్నాను. వెల రెండువేల ఆరువందలు. దీపం ఒక్కటీ లేదు.

జట్టులోకి మావాణ్ణి మళ్ళీ తీసుకున్నారు. మొన్నటి పోటీలో రెండో ఆటలోనే ఓడిపోయి వచ్చాడు. "ఏమైందిరా?" అంటే, "ఈసారి తప్పు నాదే తాతయ్యా, తొందరపడ్డాను" అన్నాడు. ఆ మాట చెప్పడానికి వాడు లోపలి గదిలోకి పారిపోలేదు, నా పక్కనే కూర్చున్నాడు.

పాత ఎలుకనీ వాడు పారెయ్యలేదు. ముప్ఫై రూపాయలకి కొత్త స్విచ్చి తెచ్చి, కాలేజీ ల్యాబులో టంకం వేయించి, నా బల్లమీద పెట్టాడు. ఇప్పుడు ఒకసారి నొక్కితే ఒకటే ముక్క దిగుతోంది. ఎర్ర ఏడు నల్ల ఎనిమిది మీద నిక్షేపంగా కూర్చుంటోంది.

అయినా నిన్న మూడాటలూ పోయాయి. మా ఆవిడ బీరకాయ చెక్కు తీస్తూ నావంకే చూస్తోంది. నేను కిక్కురుమంటే ఒట్టు.