ఇంటి ఫోను ఎవ్వరిది?

"మా యింట ఫోనున్నది" యని చెప్పని గృహిణి నేఁడు పల్లెలందు సైతము అరుదు. "నాకు ఫోనున్నది" యని చెప్పఁగల గృహిణు లెందఱని విచారించినచో లెక్క మఱొక విధముగా నుండును. ఈ రెండు మాటల నడుమనున్న యంతరమును గూర్చి సోదరీమణులకుఁ గొంత విన్నవింపవలెనని మేమీ వ్యాసమునకుఁ బూనితిమి.

2019–21 సంవత్సరములందు జరిగిన అయిదవ జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గలవారిని ఎన్నఁడైన ఇంటర్నెట్టు వాడితిరా యని యడిగిరి. దేశము మొత్తముమీఁద స్త్రీలలో నూటికి 33 మందియు, పురుషులలో 57 మందియు వాడితిమనిరి. మన తెలుఁగునాట నీ వ్యత్యాసము మఱింత పెద్దది. ఆంధ్రప్రదేశమున స్త్రీలు 21 మంది, పురుషులు 49 మంది. తెలంగాణమున స్త్రీలు సుమారు 27 మంది, పురుషులు 57 మంది. స్వయముగా వాడుకొను ఫోను తమకుఁ గలదన్న స్త్రీలు దేశమందు నూటికి 54 మందియే.

దీనికిఁ బేదఱికమే కారణమని కొందఱందురు. అది కొంతవఱకు నిజము. కాని 2016 సెప్టెంబరులో జియో కంపెనీ తన సేవలు ప్రారంభించిన పిదప డేటా ధర మునుపటిదానిలో స్వల్పభాగమునకు దిగెను. కూలివాని చొక్కాజేబులోఁ గూడ ఫోను చేరెను. ధర దిగినంతమాత్రమున నది చొక్కాజేబునుండి చీరకొంగునకు రాలేదు.

ఆ సంవత్సరమందే మన దేశమున నింకొక గొప్ప చర్చ జరిగినది. ఫేస్‌బుక్ కంపెనీవారు 'ఫ్రీ బేసిక్స్' అను పేర, తమ పథకమునఁ జేరిన కొన్ని వెబ్‌సైట్లను మాత్రము బీదవారికి రుసుము లేకుండఁ జూపింతుమని వచ్చిరి. ఏమియు లేనివారికిఁ గొంచెమైన లభించుట మేలు కదా యని కొందఱు వాదించిరి. బీదవాఁడు చూడఁదగిన దేదో, తగని దేదో నడుమనున్న వర్తకుఁడు నిర్ణయింపరాదని యనేకులు ప్రతివాదము చేసిరి. టెలికాం నియంత్రణ సంస్థయగు ట్రాయి 2016 ఫిబ్రవరి 8వ తేదీని, చూచెడు విషయమునుబట్టి డేటాకు వేఱువేఱు ధరలు పెట్టరాదని నియమము చేసెను. ఆ పథకము మన దేశమున నంతటితో నిలిచిపోయెను.

ఆ నిర్ణయమును మేము మెచ్చుకొంటిమి. కాని సోదరీమణులారా! కంపెనీవారికిఁ గూడదన్న పనినే మన గడపలోపల మనము చేయుచున్నాము గదా! కుమారునకుఁ బదునాఱేండ్లు రాఁగానే సొంత ఫోను కొనియిత్తుము. కుమార్తెకు, అన్న యెదుట, అన్న తెఱచి యిచ్చిన దానిని, అరగంటసేపు చూడ ననుమతింతుము. ఆమె చూడఁదగిన ప్రపంచ మెంతయో నిర్ణయించు నడిమివర్తకులము మనమే.

2020 మార్చిలో బడులు మూతపడిన పిదప నీ సంగతి మాకుఁ గన్నులఁ గట్టినట్లు కనఁబడినది. మా వారు పాఠములను ఫోనున బంపుచుండెడివారు. మగపిల్లల ప్రత్యుత్తరములు పగలే వచ్చుచుండెను. ఆఁడుపిల్లలలోఁ బెక్కుమందివి, తండ్రి పొలమునుండి ఫోనుతో నింటికి వచ్చి భోజనము చేసినఁగాని వచ్చెడివి కావు. ఒక యింట అన్నకుఁ బరీక్షలని చెల్లెలి పాఠము నిలిపిరి. ఆ బాలిక ప్రతిదినము మా వీథియరుగుపైఁ గూర్చుండి, మా ఫోనులోని పాఠమును నోటుపుస్తకమున నెక్కించుకొని పోవుచుండెడిది. గణితమునఁ దరగతికెల్ల మొదటిది!

ఇది చదువుతోఁ దీఱునది కాదు. శకుంతల కథ నెఱుఁగని తెలుఁగుటాఁడుపడుచు లేదు. కాళిదాసు నాటకమున నామె స్వయముగా సభలో నిలిచినను, వ్రేలి యుంగరము జాఱిపోయినందున రాజు గుర్తింపఁడు. గుర్తు దొరకినఁగాని మనిషి దొరకలేదు. నేఁడు మన సర్కారు కార్యములందును బ్యాంకు వ్యవహారములందును ఓటీపీ యనెడి యంకెల వరుస ఆ యుంగరమువంటిది. అది యెవరి ఫోనునకు వచ్చునో వారి చేతిలోనే మన గుర్తుండును.

మా పొరుగునున్న యొక ముదుసలి యుపాధిపనికిఁ బోవుచుండెడిది. కూలి బ్యాంకులోఁ బడినదో లేదో యామె యెఱుఁగదు. "ఆధారు నాదే అమ్మగారూ, వేలిముద్ర నాదే, కష్టమూ నాదే. ఆ అంకెలు మాత్తరం పట్నంలో మా వోడి ఫోనుకు పోతాయి. వోడు పనిలో ఉంటే ఎత్తడు" అని యామె మాతోఁ జెప్పెను. కొడుకు చెడ్డవాఁడు కాఁడు. ఐనను తన కష్టార్జితమును దాను తెలిసికొనుట కొకరి తీరికకై వేచియుండవలసి వచ్చుట న్యాయమా?

ఫోను చేతికిచ్చినచోఁ బిల్లలు చెడిపోవుదురని తల్లులు భయపడుదురు. ఆ భయము నిరాధారము కాదు. మోసగాండ్రును దుర్భాషలాడువారును ఇంటర్నెట్టునఁ గలరు. కాని బజారున దొంగలున్నారని ఆఁడుపిల్లను గదిలోఁ బెట్టి తాళము వేయుదుమా? కేరళమున నొక కళాశాల వసతిగృహమునందు, సాయంకాలము 6 మొదలు రాత్రి 10 గంటలవఱకు ఆఁడుపిల్లలు ఫోను వాడరాదని నియమించిరి. ఒక విద్యార్థిని యొప్పుకొనలేదు. ఆమెను వసతినుండి వెడలింపఁగా హైకోర్టు నాశ్రయించెను. 2019 సెప్టెంబరు 19వ తేదీని జస్టిస్ పి.వి. ఆశగారు, ఇంటర్నెట్టును వాడుకొను హక్కు విద్యాహక్కులోను, ఏకాంతపు హక్కులోను భాగమని తీర్పుచెప్పి, ఆ బాలికను మరల వసతిలోఁ జేర్చుకొనవలెనని యాజ్ఞాపించిరి.

న్యాయస్థానము వసతిగృహపు తలుపు తెఱపింపఁగలిగినది. మన యింటి తలుపు తెఱచుట మన పని. ఇందుకు మూఁడు కార్యములు చాలునని మాకుఁ దోఁచుచున్నది. మొదటిది, ఆధారునకును బ్యాంకు ఖాతాకును మన సొంత నంబరునే చేర్పించుకొనుట. చిన్న బటనుల ఫోనైనను ఓటీపీ రాక మానదు. రెండవది, వచ్చిన సందేశమును మనమే చదువ నేర్చుకొనుట. ఆ యంకెల నెవ్వరడిగినను చెప్పకుండుట. మోసము జరిగినచో సిగ్గుపడి దాఁచక, వెంటనే 1930 నంబరునకు ఫోను చేయుట. మూఁడవది, కుమారున కిచ్చినంత కాలమును, ఇచ్చినంత నమ్మకమును కుమార్తెకును ఇచ్చుట.

వీనిలో మొదటిదానికి ఆధారు కేంద్రమునకొక మారు, బ్యాంకున కొక మారు పోయివచ్చిన చాలును. మా పొరుగామె పోయివచ్చినది. ఇప్పుడు కూలి పడిననాఁడు ఫోను మ్రోఁగఁగానే మా యరుగునొద్దకు వచ్చి, అంకెలు తానే కూడఁబలుకుకొని చదివి, మేము సరియనువఱకు నిలుచుండును.