తీసిందెవరు?

మన క్లబ్ వాళ్లు ఏదైనా రాయమని అడిగినప్పుడు నా దగ్గర కథ లేదు, కవిత అసలే లేదు. ఒక గూగుల్ షీట్ మాత్రం ఉంది. పోయిన ఎండాకాలం సెలవుల్లో నలభై రోజులు నింపిన షీట్. అందులో ఐదు కాలమ్స్: తేదీ, పెట్టిన టైమ్, తీసిన టైమ్, అప్పుడు ఏం చేస్తోంది, తీసిందెవరు. మా అక్క కూతురి కళ్లద్దాల లెక్క అది. ఇంట్లో అందరం బుజ్జి అంటాం. అప్పటికి దానికి ఒక ఏడాది పది నెలలు.

నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియమే. కాబట్టి ఇందులో తప్పులు లేకపోతే ఆ గొప్ప మన ఎడిటర్లదే.

మాది తొండుపల్లి. శంషాబాద్ దాటి బెంగళూరు హైవే మీద కొంచెం ముందుకొస్తే వస్తుంది. 2008లో ఎయిర్‌పోర్టు మొదలయ్యాక మా వైపు చాలామంది బతుకులు దాని చుట్టూనే తిరుగుతున్నాయి. మా నాన్న క్యాబ్ నడుపుతారు. బావది కార్గోలో షిఫ్ట్ డ్యూటీ. అక్కా బావా మా ఇంటి పై పోర్షన్‌లోనే ఉంటారు. అక్క కూడా ఉద్యోగానికి పోతుంది కాబట్టి పగలంతా బుజ్జి మా అమ్మ దగ్గరే. సెలవుల్లో నా దగ్గర.

సంగతి మొదట బయటపడింది నా ఫోన్‌లో. బుజ్జి మురుకు పట్టుకుని దాన్నే చూస్తున్న ఫొటో ఒకటి తీశాను. జూమ్ చేస్తే కుడి కన్ను ముక్కు వైపు తిరిగి ఉంది. పాత ఫొటోలు వెతికితే దగ్గరి వస్తువు చూస్తున్న ప్రతి ఫొటోలోనూ అంతే. అమ్మకు చూపించాను.

"చిన్నపిల్లలకు గట్లనే ఉంటదిరా, పెద్దగైతే పోతది. మెల్లకన్నుంటే అదృష్టం అంటరు" అంది.

పుట్టిన కొత్తలో కొన్ని నెలలు కళ్లు అటూ ఇటూ పోవడం మామూలేనట. ఆరు నెలలు దాటాక కూడా ఉంటే చూపించాల్సిందే. మేము అప్పటికే ఏడాదికి పైగా ఆలస్యం.

నాన్న ఒక రోజు బుకింగ్స్ ఆపేసి మమ్మల్ని తీసుకెళ్లారు. ఆరాంఘర్, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే, మెహదీపట్నం, అక్కడి నుంచి బంజారాహిల్స్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రి. ఇన్నేళ్లూ ఎల్.వి.ప్రసాద్ అంటే ఎవరో పెద్ద డాక్టరు అనుకునేవాణ్ని. కాదట, 'మిస్సమ్మ' తీసిన సినిమా డైరెక్టరట. డాక్టర్ గుల్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో ఆస్పత్రి మొదలుపెట్టడానికి స్థలం, డబ్బు ఇచ్చింది ఆయనే. వెయిటింగ్ హాల్లో కూర్చుని నాన్న చెప్పారు.

నాకున్న పెద్ద డౌట్ ఏంటంటే, 'ఎ, బి, సి' చదవలేని పిల్లకు పవర్ ఎలా కనుక్కుంటారు? దానికి పిల్ల ఏమీ చెప్పక్కర్లేదు. ముందు మూడు రోజులు ఇంట్లో కళ్లలో ఒక ఆయింట్‌మెంట్ పెట్టమన్నారు. అది పెడితే కంట్లో ఫోకస్ చేసే కండరం పని ఆపేస్తుంది, కంటిపాప పెద్దదవుతుంది. ఆ మూడు రోజులూ బుజ్జి ఎండ చూడలేక అమ్మ కొంగులోనే ఉంది. తర్వాత చీకటి గదిలో రెటినోస్కోప్ అనే చిన్న టార్చ్ లాంటి దానితో గీత లాంటి వెలుగును కంట్లోకి వేసి, లోపలి నుంచి తిరిగొచ్చే ఎర్రటి మెరుపు ఎటు కదులుతోందో చూశారు. ఆ కదలిక ఆగేదాకా లెన్సులు మారుస్తూ పోయారు. ఏ లెన్సు దగ్గర ఆగుతుందో దాన్నిబట్టి పవర్. ఎడమ కన్ను ప్లస్ 4.5, కుడి కన్ను ప్లస్ 6.

అక్కకు ఏడుపొచ్చింది. డాక్టరు ఓపిగ్గా చెప్పారు. ప్లస్ పవర్ ఉన్న పిల్లలు స్పష్టంగా చూడ్డానికి కంటిని బాగా బిగించాలి. అలా బిగించినప్పుడు కళ్లు లోపలికి కూడా తిరుగుతాయి, ఆ రెండూ జంటగా జరిగే పనులు. ఆ కష్టం అద్దాలు తీసుకుంటే కన్ను తిరగాల్సిన పని ఉండదు. ఇంకో మాట కూడా చెప్పారు. కుడి కన్ను పంపే బొమ్మ మసగ్గా ఉంటే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఏడెనిమిదేళ్లు దాటితే మళ్లీ పట్టించుకునేలా చేయడం చాలా కష్టం. "నిద్ర లేచినప్పటి నుంచి పడుకునేదాకా అద్దాలు ఉండాలి. స్నానానికి తప్ప తీయొద్దు" అన్నారు.

ఆ రాత్రి నెట్‌లో చదువుతుంటే తెలిసిన పేర్లు తగిలాయి. హ్యూబెల్, వీజెల్. మిషన్ లర్నింగ్ వీడియోల్లో సీఎన్ఎన్ గురించి చెప్పేటప్పుడు మొదటి స్లైడ్‌లో వచ్చే ఇద్దరు. పిల్లి మెదడులో చూపు పొరలు పొరలుగా ఎలా తయారవుతుందో వాళ్లు కనుక్కున్నారు. ఆ ఐడియాతోనే ఫుకుషిమా 1980లో నియోకాగ్నిట్రాన్ చేశాడు, మన సీఎన్ఎన్‌కు తాత లాంటిది. అదే ఇద్దరూ ఇంకో ప్రయోగం కూడా చేశారు. పిల్లికూనల ఒక కన్ను కొన్నాళ్లు మూసి, తర్వాత తెరిచారు. కన్ను బాగానే ఉంది, కానీ మెదడు దాంతో చూడ్డం నేర్చుకోలేదు. పెద్ద పిల్లులకు అలా చేస్తే ఏమీ కాలేదు. 1981లో వాళ్లకు నోబెల్ వచ్చింది. మన మోడల్ పాడైతే డేటా క్లీన్ చేసి మళ్లీ మొదటి నుంచి ట్రెయిన్ చేస్తాం. బుజ్జి మెదడుకు ఆ బటన్ లేదు. నిద్ర పట్టలేదు.

అద్దాలు వచ్చిన రోజు నేను ఫోన్ రెడీగా పెట్టుకున్నా. రీల్స్‌లో చూసే ఉంటారు, అద్దాలు పెట్టగానే పాప వాళ్లమ్మ ముఖం చూసి నవ్వుతుంది, అందరూ ఏడుస్తారు. మా బుజ్జి నాలుగు సెకన్లు ఆగి, ఒక చేత్తో లాగి, సోఫా కిందకు విసిరింది. ఆ వీడియో ఇంకా నా దగ్గర ఉంది.

మొదటి తప్పు ఫ్రేముది. దగ్గర్లో ఒక షాపులో చేయించాం. పెద్దవాళ్ల ఫ్రేమునే చిన్నది చేసినట్టుంది. ఆ వయసు పిల్లలకు ముక్కు దూలం ఇంకా లేవదు కదా, అద్దాలు జారి బుగ్గల మీద కూర్చునేవి. అది పైనుంచి చూసేది. అలా చూస్తే పెట్టినా పెట్టనట్టే. రెండోసారి మెత్తటి రబ్బరు లాంటి ఫ్రేము, ఇనుప స్క్రూలు లేనిది, తల వెనక్కి బెల్టు ఉన్నది తీసుకున్నాం. కింద పడ్డా పగలని పాలికార్బొనేట్ లెన్సులు. కంటిపాప లెన్సు మధ్యకు వచ్చిందా, చెవి వెనక ఎర్రగా ఒత్తుకుంటోందా అని రోజూ చూడాలి. నొప్పి పెట్టే చెప్పును మనం మాత్రం ఎంతసేపు వేసుకుంటాం?

అప్పుడే షీట్ మొదలుపెట్టా. మొదటి వారంలో బెస్ట్ పదకొండు నిమిషాలు. కానీ నాలుగో కాలమ్ చూస్తే విషయం అర్థమైంది. నిద్ర లేవగానే చిరాకులో ఉన్నప్పుడు పెడితే నిమిషం కూడా ఉండలేదు. నలుగురం చుట్టూ చేరి "బంగారం, తియ్యకమ్మా" అని బతిమాలినప్పుడు ఇంకా తక్కువ. ఎక్కువసేపు ఉన్నవన్నీ చేతికి పని ఉన్న టైములు: అమ్మతో చపాతీ పిండి పిసికేటప్పుడు, పక్కింటి మేకకు ఆకులు పెట్టేటప్పుడు, డాబా మీద విమానాలు చూసేటప్పుడు. దాంతో రూల్స్ మార్చాం. ముందు పని చేతికివ్వాలి, తర్వాత అద్దాలు. తీసేస్తే అరవొద్దు, నవ్వొద్దు, ఏమీ జరగనట్టు మళ్లీ పెట్టాలి. మరీ ఏడిస్తే పక్కన పెట్టి ఐదు నిమిషాలాగి పెట్టాలి. పొద్దున బట్టలతో పాటే అద్దాలు, రాత్రి పడుకున్నాకే డబ్బాలోకి.

రెండో వారం చివర్లో డాబా మీద ఒక విమానం దిగుతుంటే బుజ్జి వేలు చూపించి "టైరు" అంది. అంతకుముందు విమానం అంటే దానికి "బుస్స్" అనే సౌండ్ మాత్రమే. రీల్‌లో పెట్టేంత సీన్ ఏం కాదు. ఆ టైముకు నా ఫోన్ కూడా చేతిలో లేదు.

ఆ ఆదివారం ఐదో కాలమ్ లెక్కపెట్టా. ఆ వారంలో అద్దాలు ఇరవై ఆరుసార్లు బయటికొచ్చాయి. బుజ్జి తీసినవి తొమ్మిది. మిగతా పదిహేడు మేము తీసినవి.

పక్కింటావిడ వస్తే అమ్మ తీసింది, "ఆడపిల్లకు అప్పుడే సోడాబుడ్డా" అని ఎవరో అన్నారట. బర్త్‌డే ఫంక్షన్‌కు పోతూ అక్క తీసింది. బావ వీడియో కాల్‌లో వాళ్లమ్మకు చూపించే ముందు తీశాడు. ఫొటో కోసమని నేను తీశాను, ఆరుసార్లు.

షీట్ అందరికీ చూపిద్దామనుకుని చూపించలేదు. ఎందుకంటే ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఇంటర్ నుంచి నాకు మైనస్ 2.25 ఉంది. నన్ను అద్దాలతో చూసినవాళ్లు ఈ క్లాసులో ఎంతమంది? లాస్ట్ బెంచ్‌లో కూర్చుని పక్కవాడి నోట్స్ చూసి రాసుకుంటా కానీ పెట్టుకోను. స్కూల్లో ఒక అమ్మాయిని రెండేళ్లు 'సోడాబుడ్డి' అని పిలిచిన గ్యాంగ్‌లో నేనూ ఉన్నా మరి. కంటి వెలుగు క్యాంపులో అమ్మకు ఇచ్చిన అద్దాలు కుట్టుమిషను డబ్బాలో ఉంటాయి. సూదిలో దారం ఎక్కించడానికి తప్ప బయటికి రావు. మా ఇంట్లో అద్దాలు ఉన్నవాళ్లం ముగ్గురం, పెట్టుకోవాల్సింది మాత్రం రెండేళ్లు కూడా లేని పిల్ల ఒక్కతే.

మర్నాడు ఇంట్లో నా అద్దాలు పెట్టుకున్నా. బుజ్జి దగ్గరకొచ్చి వాటిని వేలితో తట్టి, తర్వాత తనవి తట్టుకుంది. అయితే సాయంత్రం సెల్ఫీ కోసం ఫోన్ పైకెత్తి, అలవాటుగా నావి తీసేశాను. స్క్రీన్‌లో చూస్తే పక్కన అది కూడా రెండు చేతులతో తనవి తీసి పట్టుకుని నవ్వుతోంది. ఫొటో అంటే అద్దాలు తీయాలని దానికి నేర్పింది ఎవరు? ఆ రోజు ఐదో కాలమ్‌లో నా పేరే రాశాను.

అసలు గొడవ ఐదో వారంలో వచ్చింది. అప్పటికి రోజంతా ఉంచుకుంటోంది. అద్దాలుంటే కన్ను తిన్నగా ఉంది. స్నానానికి తీస్తే మాత్రం మెల్ల ముందుకంటే ఎక్కువగా కనిపిస్తోంది. అమ్మ నా మీద లేచింది. "మంచిగున్న పిల్లకు అద్దాలు పెట్టి ఖరాబు చేసిన్రు. తీసి పారెయ్యిరా ఇగ!" అక్క కూడా ఆమె వైపే అయిపోయింది. నిజం చెప్పాలంటే నాకూ భయం వేసింది. ఆ రెండు రోజులు షీట్ ఖాళీ.

మూడో రోజు మళ్లీ ఆస్పత్రికి పోయాం. ఇది చాలా ఇళ్లల్లో వచ్చే భయమేనట. అద్దాలు మెల్లను పెంచలేదు. ఇన్నాళ్లూ బిగించి బిగించి ఉన్న కన్ను అద్దాల వల్ల కాస్త హాయిగా ఉండటం నేర్చుకుంది. అద్దాలు తీయగానే పాత కష్టం ఒక్కసారి మీద పడి, తిరగడం బాగా కనిపిస్తోంది. అంటే అద్దాలు పనిచేస్తున్నాయని అర్థం. అమ్మ మొత్తం విని, "గట్లైతే నేను పక్కింటామె కోసం తీసినప్పుడల్లా గా కష్టమంతా పిల్లకు మల్ల వచ్చిందా?" అని అడిగింది. డాక్టరు ఏం చెప్పారో నాకు సరిగ్గా వినపడలేదు. కారులో అమ్మ తొండుపల్లి వచ్చేదాకా మాట్లాడలేదు.

ఆషాఢంలో బోనాలకు చుట్టాలంతా వచ్చారు. గ్రూప్ ఫొటో తీసే అన్న ఫ్లాష్ వేసి చూసి, "పాప అద్దాలు తీయండి, మెరుస్తున్నయ్" అన్నాడు. అక్క చెయ్యి పైకి లేచింది.

"ఉండనీ. మెరిస్తే మెరవనీ" అంది అమ్మ. తర్వాత కుట్టుమిషను డబ్బా దాకా పోయొచ్చింది. అవి దగ్గర చూపుకు పెట్టుకునే అద్దాలు, వాటితో కెమెరా కూడా సరిగ్గా కనిపించదు. అయినా పెట్టుకుని నిలబడింది. నేను జేబులోంచి నావి తీసి పెట్టుకున్నా.

ఫొటోలో ముగ్గురికీ కళ్లు కనిపించవు, ఆరు తెల్లటి చుక్కలు తప్ప.

ఇంకా పని అయిపోలేదు. కుడి కన్నుకు బలం రావాలని ఇప్పుడు ఎడమ కన్నుకు రోజూ రెండు గంటలు ప్యాచ్ వేస్తున్నాం. దానికి ఇంకో షీట్ ఉంది. ఐదో కాలమ్ అలాగే ఉంచా.

వచ్చే సోమవారం నుంచి నేను ఫస్ట్ బెంచ్. ఎవరైనా సోడాబుడ్డి అనాలనుకుంటే అనండి, బోర్డు మాత్రం కనిపిస్తోంది.