కన్నమదాసుకి ఎన్ని పాయింట్లు?

గత వారం పెట్టిన ఫొటో చూసి చాలామంది అడిగారు. బల్లమీద ఆ చింతపిక్కలేమిటి, సీసామూతలేమిటి, లెక్చరర్‌వి అయ్యుండి పిల్లలతో అష్టాచెమ్మా ఆడుతున్నావా అని. ఒక సీనియర్ మిత్రుడు మాత్రం గట్టిగానే రాశాడు: "బయట మనవాళ్లమీద ఇన్ని దాడులు జరుగుతుంటే మీకు ఆటలు కావలసివచ్చాయా?" ఆయనకి ఇన్‌బాక్సులో రెండు ముక్కలు రాద్దామని కూర్చున్నాను. అది పెరిగి పెరిగి ఈ వారం భాగం అయింది.

అష్టాచెమ్మా కాదన్నా, యుద్ధం ఆట.

మా పాత విద్యార్థి ఒకడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. సంక్రాంతికి అనకాపల్లి వచ్చినప్పుడు వార్‌హామర్ పెట్టె ఒకటి తెచ్చి మా వసారాలో విప్పాడు. బ్రిటన్‌లో 1983లో మొదలైన ఆట. చిన్న చిన్న సైనికుల బొమ్మలు, వాటికి రంగులు. ప్రతి సైన్యానికీ ఒక రూల్స్ పుస్తకం. ప్రతి సైనికుడికీ పాయింట్లలో ఒక వెల. ఇద్దరూ ముందే ఇన్ని పాయింట్లని ఒప్పుకుని, ఆ లెక్కలో ఎవరి సైన్యాన్ని వాళ్లు కట్టుకోవాలి. స్కేలుతో కొలిచి జరపాలి, పాచికలు వేసి కొట్టాలి. ఇలాంటి ఆటలకి తాత ప్రష్యా సైన్యంలో ఉన్నాడు. రైస్విట్జ్ అనే అధికారి 1824లో అచ్చువేసిన యుద్ధక్రీడ అది, అధికారులకి పాఠంగా పనికొచ్చింది. 1913లో హెచ్.జి. వెల్స్ పిల్లల సీసపు బొమ్మలతో ఆడుకునేలా ఒక పుస్తకమే రాశాడు. పెట్టె ధర విని మేమంతా నవ్వుకున్నాం కానీ, వాడు చెప్పిన ఇంకో మాట నాకు పట్టుకుంది. పెట్టెలో లేని సైన్యాలకి ఆడేవాళ్లు ఇంట్లోనే సొంత రూల్స్ రాసుకుంటారట.

"మనవాళ్ల సైన్యం ఒకటి రాద్దాం సార్" అన్నాడు. అప్పుడు క్లాసులో పల్నాటి వీరచరిత్ర నడుస్తోంది. ఇంక వేరే సైన్యం ఎందుకు?

సాహిత్యం చదవని మిత్రుల కోసం నాలుగు మాటలు. పన్నెండో శతాబ్దం అంటారు. గురజాల ఒక పక్క, మాచర్ల ఒక పక్క. అక్కడ నాయకురాలు నాగమ్మ, ఇక్కడ బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడి మాచర్లవాళ్లు రాజ్యం వదిలి పోవడం, చివరికి కారంపూడిలో యుద్ధం. శ్రీనాథుడి పేరుమీద ఉన్న ద్విపదని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చువేశారు. కారంపూడిలో ఇప్పటికీ ఏటా కార్తీక అమావాస్యకి వీరుల ఉత్సవాలు జరుగుతాయి. మనకి ముఖ్యమైనవి రెండు: బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనీ ఒకే వరసలో కూర్చోబెట్టి తినిపించిన చాపకూడు, అతను కొడుకుగా చేసుకుని సేనాపతిని చేసిన మాల కన్నమదాసు. మన సభల్లో కన్నమదాసు పేరు చెప్పని వక్త ఉండడు. నేనూ చెప్పాను, పదేళ్లుగా.

ఆ శనివారం రాత్రి పాయింట్ల పట్టిక నేనే రాశాను. చింతపిక్క అంటే కాలిబంటు, 1 పాయింటు. సోడా మూత అంటే రౌతు, 3. ఏనుగు అగ్గిపెట్టె, 8. బ్రహ్మనాయుడు 20, బాలచంద్రుడు 15, కన్నమదాసు 10. పొద్దున్న పిల్లలు వచ్చి చూశారు. నర్సీపట్నం వైపు నుంచి వచ్చే కుర్రాడు మొదటి ప్రశ్న వేశాడు: "అదేటి సార్, సేనాపతి కదా, 10 ఏటి?"

నా దగ్గర జవాబు లేదు. చెయ్యి అలా రాసేసింది. పద్యానికి ఒక వెసులుబాటు ఉంటుంది, ఎంత పొగిడినా అంకె చెప్పక్కర్లేదు. రూల్స్ రాసేవాడికి అది లేదు. పదో పన్నెండో ఏదో ఒకటి రాసి తీరాలి. రాశాక అది మన చేతివాటం చూపించేస్తుంది. 15 చేశాం.

అసలు ఆ కథలోనే ఒక పాయింట్ల పట్టిక ఉంది, ఇన్నేళ్లు పాఠం చెప్తూ నేను దాన్ని అలా చూడలేదు. బాలచంద్రుడి వెంట యుద్ధానికి బయల్దేరిన తోటివాళ్లలో అనపోతురాజు బ్రాహ్మణుడు. అతను యుద్ధంలో చస్తే బ్రహ్మహత్య చుట్టుకుంటుందని, ఒక నెపం పెట్టి అతన్ని వెనక్కి పంపేస్తారు. సంగతి తెలిసి అతను ప్రాణం తీసుకుంటాడు. క్లాసులో దీన్ని స్నేహం గురించిన ఘట్టంగా చెప్పేవాణ్ణి. కళ్లు తడిసేలా చెప్పేవాణ్ణి కూడా. బల్లమీద పెట్టేసరికి అది లెక్కగా కనిపించింది. ఒక కులంవాడి చావు పంపినవాడికి పాపం కింద ఖర్చు రాస్తుంది. చాకలి చావు, మంగలి చావు, మాల చావు ఆ ఖాతాలో పడవు.

ఇక నేను చేసిన అసలు పొరపాటు. కన్నమదాసుకి ప్రత్యేక రూలు ఒకటి ఉండాలి కదా. ఇలాంటి ఆటల్లో దెబ్బతిన్న దళం ధైర్యపరీక్షకి పాచిక వెయ్యాలి. తక్కువ పడితే వెనక్కి పరుగే. నేను రాసిన రూలు ఇది: "స్వామిభక్తి. బ్రహ్మనాయుడు బల్లమీద ఉన్నంతసేపూ కన్నమదాసు దళం ధైర్యపరీక్ష వెయ్యక్కర్లేదు, పారిపోదు." రాసుకుని మురిసిపోయాను. మనవాళ్లు అందరికంటే ధీరులు, అంతే కదా!

ఆ ఆదివారం నాలుగు ఆటలు ఆడాం. మాచర్ల పక్షం నేను. నాలుగింట్లోనూ అందరికంటే ముందు పోయింది కన్నమదాసే. ఏనుగుల ఎదురుగా ఎవర్ని నిలబెట్టాలి? పారిపోనివాణ్ణి. వాగు దాటే దగ్గర ఎవర్ని వదిలెయ్యాలి? పారిపోనివాణ్ణి. మిగతా దళాలు విలువైనవి, బెదిరిపోతాయి, జాగ్రత్తగా చూసుకోవాలి. ఇతను ఎలాగూ నిలబడతాడు. నాలుగో ఆటలో నేను ఆలోచించడం కూడా మానేశాను, చెయ్యే తీసుకెళ్లి అక్కడ పెట్టేసింది. ఎదురుగా నాగమ్మ పక్షం ఆడుతున్న చోడవరం అమ్మాయి నవ్వింది.

"ఆయన పారిపోడు కాబట్టే కదా సార్, మీరు అస్తమానం ఆయన్నే ముందుకి తోస్తన్నారు. ఒక్కసారి ఎల్లనని అనొచ్చా ఆయన? ఆ రూలు ఉందా?"

లేదు.

మా తాత ఒక రైతు దగ్గర పాలికాపు. చిన్నప్పటి నుంచి చచ్చేదాకా ఒకే కళ్లం. ఆయన గురించి ఊళ్లో అందరూ అనే మాట ఒకటే, నమ్మినబంటు. మా అయ్య ఆ మాట గర్వంగా చెప్పేవాడు. రాత్రిపూట నీళ్లు కట్టడానికి, పాములున్న చెరుకుతోటలోకి ఎవర్ని పంపాలంటే మా తాతనే పంపేవాళ్లు. నమ్మకస్తుడు కదా. ఆ మాట ఆయనకి అర సెంటు భూమి తెచ్చిపెట్టలేదు. చదరంగంలో కాలిబంటునీ బంటే అంటాం, దొరని నమ్ముకున్నవాణ్ణీ బంటే అంటాం. ఇంత తెలిసి, ఇంత చదివి, కన్నమదాసుకి నేను రాసిచ్చింది మా తాతకి ఊరు ఇచ్చిన బిరుదే. బల్లకి ఇటు పక్క కుర్చీలో కూర్చుని అతన్ని తోటలోకి పంపింది కూడా నేనే.

ఇక్కడ కోరేగావ్ గుర్తుకు రాకుండా ఉండదు. 1818 జనవరి 1. ఆ స్తంభంమీద చనిపోయిన కంపెనీ సైనికుల పేర్లు 49, అందులో 22 మహర్లవి. 1927 జనవరి 1న అంబేడ్కర్ అక్కడికి వెళ్లి నిలబడ్డారు. ఆయన తండ్రి అదే సైన్యంలో సుబేదారు. అయితే 1890లలో ఆ సైన్యమే మహర్లని చేర్చుకోవడం ఆపేసింది. స్తంభం ఉంది, ఉద్యోగం లేదు. విధేయతకి ఎంత పడుతుందో ఆయనకి ఇంట్లోనే తెలుసు. స్తంభం గురించి మనం ఏటా పోస్టులు పెడతాం, ఉద్యోగం పోయిన సంగతి దగ్గర త్వరత్వరగా దాటేస్తాం.

స్వామిభక్తి కొట్టేశాం. దాని బదులు ఏం రాయాలన్నదానిమీద మూడు ఆదివారాలు పోయాయి. చాపకూడుకి నేను మొదట రాసిన రూలు కూడా అలాంటిదే: పక్కపక్కన ఉన్న దళాలకి ధైర్యంలో ఒక పాయింటు అదనం. కలిసి తిన్నారు, ధైర్యం పెరిగింది. తిన్నందుకు ఎవరికీ ఏ ఖర్చూ లేదు. హాస్టల్ కుర్రాడొకడు దీన్ని తిరగేశాడు. ఆటకి ముందు ఏ రెండు దళాలైనా "ఒకే చాప" అని ప్రకటించుకోవచ్చు. అప్పటి నుంచి ఒకదానికి దెబ్బ తగిలితే పోయే పిక్కల్లో సగం రెండోది తీసెయ్యాలి. కన్నమదాసు దళంలో ఆరు పోవాలంటే మూడు అక్కడ, మూడు వెలమ దళంలో. ఏ చాపా లేని దళం ఒంటరిగా ముందుకి వెళ్లమన్న ఆజ్ఞని కాదనొచ్చు, పాచిక కూడా అక్కర్లేదు.

దీంతో ఆడినప్పుడు ఒక విచిత్రం చూశాను. మాచర్ల పక్షం ఆడుతున్న కుర్రాళ్లు మొదటి రెండు ఆటల్లో కన్నమదాసుతో చాప వెయ్యనే లేదు. ఖరీదైన రౌతుల్ని చింతపిక్కల కోసం ఎవడు పోగొట్టుకుంటాడు? కన్నమదాసు కదలనన్నాడు, రెండుసార్లూ ఓడిపోయారు. మూడో ఆటలో గొణుక్కుంటూ చాప వేశారు. ఆ గొణుగుడు నాకు నచ్చింది. కావ్యంలో బ్రహ్మనాయుడి ఔదార్యం ఉంది, ఇలా గొణిగినవాళ్ల సంగతి లేదు. గొణక్కుండా ఉండి ఉంటారా?

డప్పు సంగతి చెప్పకపోతే నేను దొంగనవుతాను. నేను మాలని, చోడవరం అమ్మాయి మాదిగ. 2024 ఆగస్టు 1న వర్గీకరణమీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక మా వాట్సాప్ గ్రూపులు ఎలా అయ్యాయో మీకు చెప్పక్కర్లేదు. ఒక ఆదివారం తను పట్టికంతా చదివి అడిగింది: "మాలలున్నారు, చాకలి, మంగలి, కుమ్మరి ఉన్నారు. డప్పు ఎవరు కొడతన్నారు సార్? డాళ్లకి తోలు ఎక్కడిది?" మా పట్టికలో ఆజ్ఞ ఊరికే వెళ్లిపోతోంది, నాయకుడు అనుకుంటే చాలు దళం కదిలేది. కావ్యాల్లో భేరి మోగుతూనే ఉంటుంది, మోగించినవాడి పేరు అడగం. కన్నమదాసు పేరు పదేళ్లు మైకులో చెప్పిన నేనూ అడగలేదు. ఇప్పుడు నాయకుడి ఆజ్ఞ ఆరు అంగుళాలు దాటదు. డప్పు దళం పక్కనుంటే పన్నెండు. డప్పు పోతే ఆ మూల సైన్యం ఆ ఆటకి చెవిటిదే. పాయింట్లు 12. ఆ అంకె తనే వేసింది, నేను బేరమాడలేదు. తర్వాతి ఆటలో గురజాల పక్షం అన్నీ వదిలేసి నేరుగా మా డప్పుమీదకే వచ్చింది.

సీనియర్ మిత్రమా, ఆటలెందుకంటే ఇందుకు. ఈ ప్రశ్నలు నా క్లాసులో ఎవరూ అడగలేదు. అక్కడ మాట్లాడేది నేను, రాసుకునేది వాళ్లు. చింతపిక్కల దగ్గర ఓడిపోతానన్న భయం నాకూ ఉంటుంది.

ఒక రూలు ఇంకా తేలలేదు. కన్నమదాసు కాదని ఆగిపోయాక ఎక్కడికి వెళ్లాలి? ఇప్పటికి ఉన్నచోటే నిలబడుతున్నాడు. బల్లకి ఇటు మాచర్ల అంచు, అటు గురజాల అంచు, రెండే గీశాం. మూడో అంచు కూడా గియ్యాలని, తన డప్పూ కన్నమదాసూ అటు నుంచి దిగాలని ఆ అమ్మాయి పట్టు. నాగమ్మ ఆడేవాళ్లు ఒప్పుకోవడం లేదు, ఆట పాడవుతుందంటున్నారు. పాడవొచ్చు కూడా. మూడో పక్క ఆడేవాళ్లు కూర్చోవాలంటే ముందు గోడకి ఆనించిన మా బల్లని ఇవతలికి జరపాలి. దానిమీద నా పుస్తకాల గుట్ట ఉంది, ఆదివారం పొద్దున్నే వచ్చి సాయం పడతామన్నారు.