అడ్డు చెప్పే గుణం

ఉన్నదాన్ని పెంచడం కష్టం గానీ, తగ్గించడానికేం, చిటికెలో పని అనుకుంటాం. జీతాన్నే చూడండి. ఒకటో తారీఖున ఇంటికొచ్చింది పదో తారీఖుకల్లా ఎవరి సాయమూ లేకుండానే తగ్గిపోతుంది! కరెంటు విషయంలో మాత్రం తగ్గించడం కూడా ఒక విద్యేనట. 12 వోల్టుల బ్యాటరీ నుంచి సెల్‌ఫోనుకి కావలసిన 5 వోల్టులు తియ్యడానికి అగ్గిపెట్టెకన్నా చిన్న బోర్డొకటి ఉంటుంది. బక్ కన్వర్టర్ అంటారు.

ఇంజనీరింగు చదివే మా మేనకోడలు సెలవులకొచ్చి, కరెంటు పోయినప్పుడు ఫోన్లు చార్జి చేసుకోవడానికని ఆ బోర్డు అమర్చబోయింది. బ్యాటరీ వరండాలో, బోర్డు హాల్లో, మధ్య మూడు గజాల వైరు. వైరు తగిలించిందో లేదో, 'టప్'మని చిన్న చప్పుడు. బోర్డు కాస్తా పోయింది.

"నాసిరకం సరుకు" అన్నారు మావారు పేపర్లోంచి తలెత్తకుండానే.

"సరుకు మంచిదే మామయ్యా. దానికి కరెంటు అందే దారే బాగాలేదు" అంది పిల్ల.

సంగతేమిటంటే, ఈ బోర్డు కరెంటుని ధారగా తాగదు, గుటకలు గుటకలుగా తాగుతుంది. లోపలి స్విచ్చి సెకనుకి లక్షలసార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. పొడుగాటి వైరుకేమో ఒళ్లు బద్ధకం. అందులో కరెంటు ఉన్నపళంగా బయల్దేరదు, బయల్దేరాక ఉన్నపళంగా ఆగదు. అందుకని బోర్డు గుమ్మంలోనే ఒక కెపాసిటర్ పెడతారు. కుళాయి ఎప్పుడొచ్చినా వంటింట్లో బిందె నిండుగా ఉంటే పని ఆగదు కదా, అదీ వరస. ఆ బిందె వీధి చివర ఉంటే ఏం లాభం?

ఇందులో సిరామిక్ రకం ఉంది చూశారూ, అడగడమే తరువాయి, ఇచ్చేస్తుంది. లోపల నిరోధం దాదాపు శూన్యం. వింటుంటే ఉత్తమ ఇల్లాలి లక్షణంలా లేదూ? చిక్కంతా అక్కడే. పొడుగు వైరు చివర అదొక్కటే ఉంటే, తగిలించగానే దూసుకొచ్చే కరెంటుకి ఎదురు చెప్పేవాళ్లుండరు. వోల్టేజీ ఉయ్యాలలా ఎగసి 12 కాస్తా 24 దాకా పోవచ్చునట. 18కి మించి ఓర్చుకోలేని మా బోర్డు గతి అదే అయింది.

మందల్లా, పక్కనే ఎలక్ట్రోలిటిక్ రకం కెపాసిటర్ ఒకటి, కాస్త పెద్దది పెట్టడం. దాని లోపల కొద్దిపాటి నిరోధం ఉంటుంది. ఆ నిరోధమే ఊపుని మింగి, వేడిగా మార్చి, ఉయ్యాలని నిలబెడుతుంది. కొత్త బోర్డుకి దాన్ని అతికించాక మళ్లీ 'టప్' వినలేదు.

ఇంకో విడ్డూరం వినండి. బోర్డుకి 10 వాట్లు కావాలనుకోండి. 12 వోల్టులున్నప్పుడు 0.83 ఆంపియర్లు తీసుకుంటుంది. 10 వోల్టులకి పడిపోతే 1 ఆంపియరు లాగుతుంది. రాబడి తగ్గినకొద్దీ ఖర్చు పెంచే సంసారమన్నమాట! ఇలాంటిదాని ముందు చూసుకోకుండా ఫిల్టరు పెడితే మొత్తం ఊగిసలాడిపోతుందని, 1976లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ప్రొఫెసర్ మిడిల్‌బ్రూక్ లెక్కగట్టి చూపించారు.

మన ఇళ్లల్లో మాత్రం ఏమిటి తేడా? చేతిలో డబ్బు తగ్గినప్పుడే పిల్లాడికి మోటారు సైకిలు గుర్తొస్తుంది, ఆడపడుచుకి పట్టుచీర గుర్తొస్తుంది. అడిగిందే తడవుగా అన్నీ సమకూర్చే ఇల్లాలిని అందరూ మెచ్చుకుంటారు. "ఇప్పుడు కాదు, వచ్చే నెల చూద్దాం" అన్నావిడకి గయ్యాళి అని పేరు. ఇల్లు ఊగిపోకుండా నిలబడేది ఆవిడ వల్లే సుమండీ!

అయితే ఊపుని మింగేవాళ్లకి లోపల వేడి తప్పదు. ఆ వేడికి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతుంది. అందుకే అది ఎంత వేడికి తాళగలదో ముందే లెక్క చూసుకోవాలనీ, గుటకల బరువు పంచుకోవడానికి పక్కన సిరామిక్‌లని తోడుంచాలనీ చెప్పింది మా మేనకోడలు. ఇంజనీర్లు అంత చిన్న వస్తువుకి కూడా ఆ లెక్క వేస్తారు. మన ఇళ్లవాళ్లు ఇల్లాలి విషయంలో ఎప్పుడు వేస్తారో!