కడప దారుల్లో ఒక నోట్‌బుక్

మీకు మొదటి పన్ను ఎప్పుడొచ్చిందో ఇంట్లో ఎవరినైనా అడిగి చూడండి. అమ్మ నెల చెబుతుంది, అవ్వ వారం కూడా చెబుతుంది, మేనత్త అయితే ఆ పంటితో ఎవరిని కొరికారో చెబుతుంది. మన చిన్నతనం మనకు గుర్తుండదు. చుట్టూ ఉన్నవాళ్ల దగ్గర భద్రంగా ఉంటుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, దాని బ్యాకప్ ఇంటిల్లిపాది దగ్గరా ఉంటుంది. మరి రెండేళ్ల వయసులో దేశం దాటి వెళ్లిపోయిన పిల్లకు ఆ బ్యాకప్ ఎవరి దగ్గర దొరుకుతుంది?

మొన్న ఆగస్టులో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఒకే రోజులో తిరిగింది ఈ ప్రశ్నతోనే. నాది ప్రొద్దుటూరు, ఉద్యోగం బెంగళూరులో. నాతో వచ్చింది మా ప్రాజెక్టులోనే నెదర్లాండ్స్ నుంచి పనిచేసే అమ్మాయి. పేరు రాయొద్దంది. 1990ల చివర్లో ఒక డచ్ జంట ఆమెను ఆంధ్రప్రదేశ్ నుంచి దత్తత తీసుకున్నారు. ఆమె ఫైల్లో తల్లి పేరు లేదు, ఊరి పేరూ లేదు. ‘కడప జిల్లా’ అన్న రెండు మాటలు, అంచనాగా వేసిన పుట్టిన తేదీ, ఒక ఫోటో మాత్రం ఉన్నాయి. “ఎవరినీ వెతకడానికి రావట్లేదు. ఇక్కడ పిల్లలు ఎలా పెరుగుతారో చూడాలి” అంది.

ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటారని మీరు వినే ఉంటారు. బంగారు అంగళ్ల వీధిలో పొద్దున పదింటికే కాలు పెట్టే చోటు లేదు. ఒక చిన్న కొట్లో ఏడాది పాపకు చెవులు కుట్టిస్తున్నారు. మేనమామ ఒళ్లో పాప, చుట్టూ ఎనిమిది మంది, అందరి చేతుల్లో ఫోన్లు. పాప కెవ్వుమనగానే అవ్వ నోట్లో చక్కెర వేసింది. మా అమ్మాయి తన ఫోన్లో ఫైలు ఫోటో తీసి చూపించింది. గుండు, పెద్ద కళ్లు, చెవులకు సన్నటి దారపు ముడులు. అంటే తనకూ చెవులు కుట్టారు! కొట్లో పెద్దాయన ఫోటోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

“ఇది ఊరికే అయ్యే పని కాదు నాయనా. ఒకరు ఒళ్లో పట్టుకోవల్ల, ఒకరు మురిపించల్ల, ఏడ్చినాక ఒకరు నోరు తీపి చేయల్ల” అన్నాడు. నేను ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పాను. ఆమె చాలాసేపు చెవి తమ్మెను తడుముకుంటూ నిలబడింది. ఫైల్లో ఒక్క ముక్క కూడా లేని ఆ ముగ్గురు మనుషులు ఆమె చెవుల మీద సంతకం చేసి వెళ్లారు.

అక్కడ ఎర్రకారం దోశ తిని బయల్దేరితే అరగంటలో జమ్మలమడుగు. గండికోటకు వెళ్లే టూరిస్టులు ఈ ఊళ్లో టీకి మాత్రమే ఆగుతారు. మేం క్యాంప్‌బెల్ ఆసుపత్రి దగ్గర ఆగాం. లండన్ మిషన్ వాళ్లు పెట్టింది. వైఎస్ రాజశేఖరరెడ్డి రాజకీయాల్లోకి రాకముందు డాక్టరుగా పనిచేసింది ఇక్కడే. నేను పుట్టిందీ ఇక్కడే. రాత్రి రెండున్నరకు, కరెంటు పోయిన టైములో అని అమ్మ వందసార్లు చెప్పింది. ఆ మాట అంటుంటే పక్కన ఆమె మౌనంగా ఉంది. ఆమె పుట్టినరోజు, పళ్లూ ఎత్తూ బరువూ చూసి ఒక డాక్టరు అంచనా వేసిన తేదీ.

ఫైలు ఎందుకింత పలచగా ఉందో అర్థం కావాలంటే కాస్త చరిత్ర చూడాలి. విదేశీ దత్తతల్లో మోసాలు జరుగుతున్నాయని లక్ష్మీకాంత్ పాండే అనే లాయరు రాసిన లేఖ మీద సుప్రీంకోర్టు 1984లో నియమాలు పెట్టింది. 1990లో కేంద్ర దత్తత సంస్థ ‘కారా’ వచ్చింది. అయినా 1999లో, మళ్లీ 2001లో, తెలంగాణ లంబాడీ తండాల్లో ఆడపిల్లలను కొని దత్తతకు పంపుతున్నారన్న కేసులు హైదరాబాద్‌లో బయటపడ్డాయి. 2003లో మన దేశం హేగ్ దత్తత ఒప్పందాన్ని ఆమోదించింది. ఇప్పుడు కన్నవాళ్లు బాలల సంక్షేమ సమితికి బిడ్డను అప్పగించినా, మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువుంది. బిడ్డ విదేశానికి వెళ్లాక మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి ఎదుగుదల రిపోర్టు రావాలి. నెదర్లాండ్స్ అయితే పాత దత్తతల్లో అక్రమాలు బయటపడ్డాక 2021 ఫిబ్రవరిలో విదేశీ దత్తతలనే నిలిపేసింది. ఆ వార్త చదివిన రోజే ఆమె తన ఫైలును మొదటిసారి పూర్తిగా చదివిందట.

ముద్దనూరు మీదుగా పులివెందుల వైపు కారు మళ్లింది. దారిలో ఆమె ఇంకో వస్తువు తీసింది. డచ్ అమ్మ రాసిన నోట్‌బుక్ ఫోటోలు. పాప ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి అన్నీ రాసింది ఆవిడ. ఆశ్రమంలో గడిపిన ప్రతి మూడు నెలలకు సుమారు ఒక నెల ఎదుగుదల వెనకబడుతుందని ఇలాంటి పిల్లలను చూసే డాక్టర్లు లెక్క చెబుతారు. అందుకే నోట్‌బుక్ నిండా ఎత్తులు, బరువులు. వాటి మధ్యలో వేరే మైలురాళ్లు. దిండు కింద రొట్టె దాచుకోవడం మానేసిన రోజు. అమ్మ బయటికి వెళ్తుంటే మొదటిసారి ఏడ్చిన రోజు. దాని కింద రెండు గీతలు. ఎవరు వెళ్లినా ఏడవని పిల్ల ఒక మనిషి కోసం ఏడ్చిందంటే, ఆ మనిషిని తనదనుకుందని లెక్క. మన ఇళ్లల్లో దాన్ని ఎవరూ రాసిపెట్టుకోరు, రోజూ జరిగేదే కాబట్టి.

తొమ్మిదో రోజు పేజీలో ఇలా ఉంది: ‘నారింజ పండు చూపించి “సీనా, సీనా” అంటోంది. ఇదే మొదటి డచ్ మాట!’ డచ్‌లో నారింజను సినాస్‌ఆప్పెల్ అంటారు. చైనా ఆపిల్ అని దానర్థం.

పులివెందుల దగ్గర పడేసరికి రోడ్డు పక్కన అరటి తోటలు, చీనీ తోటలు. ఊరి బయట అవ్వ వాళ్ల ఇల్లు. రాగి సంగటి, ఊరిబిండి తిన్నాక అవ్వ గంప ముందుకు జరిపి, “తిను పాపా, మన తోటలోవే, చీనీకాయలు” అంది.

ఆమె చెయ్యి ఆగిపోయింది. “ఏమన్నారు?”

కోస్తాలో బత్తాయి అనేదాన్ని మా సీమలో చీనీ అంటాం. ఆమె నోట్‌బుక్ మళ్లీ తెరిచింది. నాకు ఒళ్లు జలదరించింది. ఇరవై ఏళ్లకు పైగా మొదటి డచ్ మాటగా ఆ ఇంట్లో చెప్పుకుంటున్నది, బహుశా ఆమె పలికిన చివరి తెలుగు మాటల్లో ఒకటి. ఇంత చిన్న పిల్లలు కొత్త ఇంట్లో పాత భాషను కొన్ని నెలల్లోనే వదిలేస్తారు. కానీ పూర్తిగా పోదేమో కూడా. నెదర్లాండ్స్‌లో పెరిగిన కొరియా దత్తత పిల్లలకు పెద్దయ్యాక కొరియన్ నేర్పితే, ఆ శబ్దాలను డచ్ వాళ్లకన్నా బాగా పట్టుకున్నారని 2017లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది.

నేను ఇంజనీర్ని కదా, అడ్డు చెప్పాను. ఇది సాక్ష్యం కాదు. ఆశ్రమంలో ఎవరో సీమ ఆయా దగ్గర నేర్చుకుని ఉండొచ్చు. దీంతో ఊరు దొరకదు, తల్లి దొరకదు. అందుకు దారి వేరే ఉంది: 18 ఏళ్లు నిండిన దత్తత బిడ్డ తన మూలాలు తెలుసుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అప్పగించిన తల్లిదండ్రులు ఒప్పుకోకపోతే వివరాలు ఇవ్వరు. “తెలుసు” అంది ఆమె. “కానీ ఒకరు ఈ పండు ఒలిచి నా చేతికిచ్చి, దాని పేరు చెప్పారు కదా.”

అక్కడి నుంచే అమ్మకు వీడియో కాల్ చేసింది. అవ్వ చీనీకాయ ఎత్తి కెమెరాకు చూపించింది. ఆవిడ కాసేపు కళ్లు తుడుచుకుంది. తర్వాత నవ్వుతూ అసలు నోట్‌బుక్ తెచ్చుకుని, “అయితే మొదటి డచ్ మాట ఇంకోటి వెతకాలి” అని పేజీలు తిప్పింది. ఐదో వారంలో దొరికింది: ‘నే’. వద్దు అని.

నేను తెలుగులో చెప్పగానే అవ్వ పకపకా నవ్వింది. “ఏ దేశమైతేనేంలే, పిల్లోళ్లు ముందు నేర్చుకునేది ఒల్ల అనేదే కదా!”